ఫైండ్‌కు -ఎమ్‌టైమ్ +30 ఇచ్చినా 30 రోజులు నిండిన ఫైళ్లు ఎందుకు మిగిలిపోతున్నాయి?

మీ ప్రశ్నలో నిజానికి మూడు సందేహాలున్నాయి. లాగ్ ఫోల్డర్‌లో 30 రోజులు దాటినవి తీసేయడానికి ఫైళ్లను వెతికే ఫైండ్ కమాండ్‌కు -ఎమ్‌టైమ్ +30 ఇస్తే నెల నిండినవి కొన్ని అలాగే ఉండిపోతున్నాయి. వేరే సర్వర్ నుంచి కాపీ చేసి తెచ్చిన పాత ఫైళ్లు అసలు దొరకడమే లేదు. జులై నెలవి మాత్రమే విడిగా తీయాలంటే ఎలా అన్నది మూడోది. ఒక్కొక్కటీ చూద్దాం. కమాండ్లను పలికినట్టే తెలుగులో రాస్తున్నాను, టెర్మినల్‌లో మాత్రం వాటి ఇంగ్లిష్ అక్షరాలే కొట్టాలి.

మొదటి సందేహం చాలామందికి వచ్చేదే. ఫైండ్ రోజులను క్యాలెండర్ చూసి లెక్కపెట్టదు. కమాండ్ మొదలైన క్షణం నుంచి ఫైలు చివరిసారి మారిన క్షణాన్ని తీసేసి, వచ్చినదాన్ని 24 గంటలతో భాగిస్తుంది. శేషాన్ని వదిలేస్తుంది. మిగిలిన పూర్ణసంఖ్యే ఫైలు వయసు. ఆ సంఖ్య 30 కంటే పెద్దదైతేనే +30 కింద వస్తుంది. అంటే కనీసం 31 ఉండాలి.

ఒక ఫైలును తీసుకుని లెక్క చూడండి. అది జులై 1 ఉదయం 10 గంటలకు చివరిసారి మారింది. మీ క్రాన్ (వేళ ప్రకారం కమాండ్లు నడిపేది) పని రోజూ రాత్రి 2 గంటలకు నడుస్తుంది. జులై 31 రాత్రి 2కి దాని వయసు 29 రోజుల 16 గంటలు, ఫైండ్ లెక్కలో 29. ఆగస్టు 1న 30 రోజుల 16 గంటలు, లెక్కలో 30. ముప్పై ముప్పైకంటే పెద్దది కాదు కాబట్టి వదిలేస్తుంది. ఆగస్టు 2న 31 అవుతుంది, అప్పుడు పోతుంది. తప్పు చేసినట్టు కనిపిస్తుంది కానీ ఫైండ్ చెప్పింది చెప్పినట్టే చేసింది.

30 రోజులు నిండిన వెంటనే పోవాలంటే +29 ఇవ్వాలి. ఆ 29 చూసి ఆరు నెలల తర్వాత ఎవరో ఒకరు పొరపాటనుకుని 30కి దిద్దుతారు. అందుకే స్క్రిప్టుల్లో నేను నిమిషాల లెక్కనే ఇష్టపడతాను:

ఫైండ్ /వార్/లాగ్/యాప్ -టైప్ ఎఫ్ -ఎమ్‌మిన్ +43200

-టైప్ ఎఫ్ అంటే మామూలు ఫైళ్లు మాత్రమే. 30ని రోజులోని 1440 నిమిషాలతో గుణిస్తే 43200. ఇక్కడ రోజు ముక్కను వదిలేసే గొడవ లేదు, 30 రోజుల మీద ఒక్క నిమిషం దాటినా పట్టుకుంటుంది. స్క్రిప్టులో ఆ సంఖ్యను నేరుగా రాయకుండా $((30*1440)) అని రాస్తే చదివేవాళ్లకు ఉద్దేశం కూడా తెలుస్తుంది.

గుర్తుల సంగతి కూడా చెప్పాలి. ప్లస్ ఉంటే అంతకంటే పాతవి, మైనస్ ఉంటే అంతకంటే కొత్తవి, ఏ గుర్తూ లేకపోతే సరిగ్గా ఆ సంఖ్య ఉన్నవి. -ఎమ్‌టైమ్ 7 అంటే 7 రోజులు నిండి 8 నిండనివి మాత్రమే. ప్లస్ మర్చిపోయి ఉత్త 30 అని రాసిన క్రాన్ లైన్ రోజూ ఒక రోజు వయసు ముక్కనే తుడుస్తుంది. రోజూ తప్పకుండా నడిచినన్నాళ్లూ తేడా తెలియదు. సర్వర్ రెండు రోజులు ఆగిందంటే ఆ రెండు రోజుల ఫైళ్లు ఇక ఎప్పటికీ పోవు. డిస్కు నిండాక గానీ ఎవరూ గమనించరు.

మ్యాక్‌లో, ఫ్రీబీఎస్‌డీలో ఉండే ఫైండ్ వేరు. అక్కడ యూనిట్ ఇవ్వకపోతే రోజు ముక్కను వదిలేయదు, పై పూర్ణసంఖ్యకు పెంచుతుంది. కాబట్టి అదే +30 అక్కడ 30 రోజులు దాటగానే పట్టుకుంటుంది. లినక్స్‌లో సరిచూసిన స్క్రిప్టు మ్యాక్‌లో ఒక రోజు ముందే ఫైళ్లు తీసేయడానికి కారణం ఇదే. అక్కడ సంఖ్య పక్కన యూనిట్ అక్షరం పెట్టొచ్చు, +30డీ అని రాస్తే పెంచడం, తగ్గించడం లేకుండా ఖచ్చితంగా పోలుస్తుంది. ఈ యూనిట్ అక్షరాలు గ్నూ ఫైండ్‌కు, అంటే లినక్స్‌లో ఉండేదానికి, తెలియవు.

గంటలతో పనిలేకుండా "ఈరోజువి", "నిన్నటివి" కావాలంటే గ్నూలో -డేస్టార్ట్ ఉంది:

ఫైండ్ . -డేస్టార్ట్ -టైప్ ఎఫ్ -ఎమ్‌టైమ్ 1

ఇది నిన్న అర్ధరాత్రి నుంచి ఈ అర్ధరాత్రి వరకు మారినవాటినే ఇస్తుంది. సున్నా ఇస్తే ఈరోజువి. ఈ ఆప్షన్ తన తర్వాత వచ్చే పరీక్షలకే వర్తిస్తుంది. -ఎమ్‌టైమ్ వెనకాల పెడితే ఉన్నా లేనట్టే.

లెక్క నమ్మకంగా తెలియాలంటే ఖాళీ ఫోల్డర్‌లో, ఫైలుకు కావలసిన సమయం పెట్టే టచ్ కమాండ్‌తో నాలుగు ఫైళ్లు చేసుకోండి:

టచ్ -డీ '-29 డేస్ -23 అవర్స్' ఏ
టచ్ -డీ '-30 డేస్ -1 అవర్' బీ
టచ్ -డీ '-30 డేస్ -23 అవర్స్' సీ
టచ్ -డీ '-31 డేస్ -1 అవర్' డీ

తర్వాత ఫైండ్‌ను -30, 30, +30లతో మూడుసార్లు -టైప్ ఎఫ్ కలిపి నడపండి. మొదటిదానికి ఏ, రెండోదానికి బీ, సీ, మూడోదానికి డీ ఒక్కటే వస్తాయి. ఇది గ్నూ టచ్‌కు. మ్యాక్‌లోని టచ్‌కు ఇలాంటి మాటలు అర్థం కావు, -టీ తర్వాత సంవత్సరం, నెల, తేదీ, గంట, నిమిషం కలిపి 202507011000 లాగా ఇవ్వాలి.

ఇక కాపీ చేసిన ఫైళ్ల సంగతి. ఫైలుకు ఒక్క వయసు ఉండదు. యునిక్స్ మూడు సమయాలు దాచుకుంటుంది. ఎమ్‌టైమ్ లోపలి డేటా చివరిసారి మారిన సమయం. ఏటైమ్ చివరిసారి చదివిన సమయం. సీటైమ్ ఫైలు వివరాలు, అంటే పర్మిషన్, ఓనర్, లింకుల సంఖ్య, పేరు వంటివి, చివరిసారి మారిన సమయం. సీటైమ్‌లోని సీ అక్షరం చూసి దాన్ని ఫైలు పుట్టిన సమయం అనుకోవడం బాగా పాతుకుపోయిన అపోహ. డేటా మారినా అది మారుతుంది, సీహెచ్‌మోడ్‌తో పర్మిషన్ మార్చినా మారుతుంది. ఫోల్డర్ మొత్తానికి ఓనర్ మార్చిన రోజున -సీటైమ్ మీద నడిచే స్క్రిప్టుకు అన్ని ఫైళ్లూ ఆరోజే పుట్టినట్టు కనిపిస్తాయి. టచ్‌తో ఎమ్‌టైమ్‌ను ఏ తేదీకైనా మార్చొచ్చు కానీ సీటైమ్‌ను అలా పెట్టలేరు, అందుకే ఒక ఫైలు ఈ డిస్కు మీదికి ఎప్పుడు చేరిందో వెతికేటప్పుడు అదే అక్కరకొస్తుంది.

అసలు పుట్టిన సమయం కూడా ఇప్పటి ఫైల్ సిస్టమ్‌లు చాలావరకు దాస్తాయి. స్టాట్ -సీ %డబ్ల్యూ (చిన్న అక్షరం) కొట్టి చూడండి. ఆ వివరం దొరకకపోతే గీత ఒక్కటే వస్తుంది. దొరికినా అది ఈ డిస్కు మీద ఆ ఫైలు పుట్టిన సమయం మాత్రమే, అందులోని సమాచారం వయసు కాదు.

ఏటైమ్‌ను నమ్మి తుడవడం మాత్రం వద్దంటాను. లినక్స్‌లో 2.6.30 కెర్నల్ (2009) నుంచి డిఫాల్ట్‌గా రెల్‌ఏటైమ్ పద్ధతి ఉంది. పాత ఏటైమ్ ఎమ్‌టైమ్‌కో సీటైమ్‌కో వెనకబడి ఉంటేనో, 24 గంటలు దాటి ఉంటేనో తప్ప చదివినప్పుడల్లా దాన్ని రాయదు. నోఏటైమ్‌తో మౌంట్ చేసి ఉంటే అసలే రాయదు. దానికి తోడు బ్యాకప్ సాఫ్ట్‌వేర్, వైరస్ స్కానర్, గ్రెప్ లాంటివి ఫైలును తెరిచి చదివినా అది కూడా చదవడంగానే లెక్క. "ఆరు నెలలుగా ఎవరూ ముట్టని ఫైళ్లు" అన్న జాబితా ఏటైమ్ నుంచి తీస్తే అది దాదాపుగా కట్టుకథే.

మీ ఫైళ్లు మిగిలిపోవడానికి కారణం కాపీ చేసే కమాండ్ సీపీ. ఉత్త సీపీ కొత్త ఫైలుకు కాపీ చేసిన సమయాన్నే ఎమ్‌టైమ్‌గా ఇస్తుంది. మూడేళ్ల నాటి లాగ్ అయినా సరే, నిన్న కాపీ చేస్తే దాని వయసు ఒక రోజే. సీపీ -పీ గానీ సీపీ -ఏ గానీ వాడితే పాత సమయం నిలుస్తుంది. సర్వర్ల మధ్య కాపీ చేసే ఆర్‌సింక్‌కు -టీ కావాలి, అది -ఏలో కలిసే ఉంటుంది. టార్, అన్‌జిప్ ఫైళ్లను విప్పినప్పుడు లోపలి పాత సమయాలనే పెడతాయి. ఎంవీ కూడా సమయం మార్చదు. గిట్ మాత్రం చెకౌట్ చేసిన క్షణాన్నే ఇస్తుంది, కాబట్టి గిట్ ఫోల్డర్‌లో ఎమ్‌టైమ్ చూసి "పాత కోడ్" వెతకడం వృథా, గిట్ లాగ్‌నే అడగాలి.

ఇప్పటికే సమయం పోగొట్టుకున్న ఫైళ్లకు దారి రెండు. అసలు సర్వర్ ఇంకా ఉంటే ఆర్‌సింక్ -ఏ మళ్లీ నడిపితే చాలు, డేటా సైజు ఒకటే అయినా సమయం తేడా చూసి దాన్ని సరిచేస్తుంది. అసలు సర్వర్ లేకపోతే ఫైలు పేరులోని తేదీయే ఆధారం. యాప్-2025-07-14.లాగ్ లాంటి పేరు ఉంటే అందులోంచి తేదీ తీసి టచ్ -డీతో పెట్టేయండి. తేదీ ఏడాది, నెల, రోజు వరసలో ఉంటే పేర్లను అక్షరక్రమంలో పోల్చినా వయసు వరసే వస్తుంది, అప్పుడు ఎమ్‌టైమ్‌తో పనే లేదు.

మూడోది, జులై నెల. నెలలను రోజుల సంఖ్యలోకి మార్చి పడే తంటాలు వద్దు. నేరుగా తేదీలు ఇవ్వండి:

ఫైండ్ . -టైప్ ఎఫ్ -న్యూయర్‌ఎమ్‌టీ '2025-07-01' ! -న్యూయర్‌ఎమ్‌టీ '2025-08-01'

జులై 1 తర్వాతివి, ఆగస్టు 1 తర్వాతివి కానివి అని దీని అర్థం. గ్నూలోనూ మ్యాక్‌లోనూ పనిచేస్తుంది. కానీ అంచు దగ్గర ఒక మెలిక ఉంది. న్యూయర్ అంటే ఖచ్చితంగా కొత్తది, సమానమైతే చాలదు. సరిగ్గా జులై 1, 00:00:00 సమయం ఉన్న ఫైలు బయటికి పోతుంది. ఆగస్టు 1 సరిగ్గా అర్ధరాత్రిది లోపలికి వస్తుంది. మామూలుగా రాసిన ఫైళ్ల సమయాల్లో నానోసెకన్లు ఉంటాయి కాబట్టి ఇది అరుదే. టచ్‌తో తేదీ ఒక్కటే ఇచ్చి పెట్టిన ఫైళ్లన్నీ మాత్రం సరిగ్గా అర్ధరాత్రి మీదే కూర్చుంటాయి. పై పేరాలో చెప్పినట్టు పేర్లలోంచి తేదీలు తీసి పెట్టారంటే మీకు ఇది తప్పకుండా తగులుతుంది. గ్నూలో రెండు అంచులనూ '2025-06-30 23:59:59.999999999', '2025-07-31 23:59:59.999999999' అని ఇస్తే సరిపోతుంది. లేదా తేదీలు పెట్టేటప్పుడే మధ్యాహ్నం 12 గంటలు జోడించండి, అది ఇంకా తేలిక.

ఇక్కడి అర్ధరాత్రి ఏ టైమ్‌జోన్‌ది అన్నది కూడా చూసుకోవాలి. ఫైండ్ ఎవరి కింద నడుస్తోందో వారి టీజెడ్ సెట్టింగే లెక్క. మీ టెర్మినల్‌లో స్థానిక సమయం, కంటైనర్‌లో యూటీసీ ఉంటే ఒకే కమాండ్ రెండు జాబితాలు ఇస్తుంది. కమాండ్ ముందు టీజెడ్= అని కావలసిన జోన్ పెట్టేస్తే ఎక్కడైనా ఒకేలా నడుస్తుంది.

'1 మంత్ ఎగో' అన్న మాట కూడా గ్నూలో -న్యూయర్‌ఎమ్‌టీ అంగీకరిస్తుంది, నెల చివర్లో మాత్రం వాడకండి. 2025 మార్చి 31న నడిపితే ఫిబ్రవరి 31 అని లెక్కించి, అలాంటి తేదీ లేదు గనుక మార్చి 3కి జారుతుంది.

తుడిచే దగ్గరికి వద్దాం. ఫైండ్ పరీక్షలను ఎడమ నుంచి కుడికి చూస్తుంది. -డిలీట్ కూడా వరసలో ఒకటే.

ఫైండ్ . -డిలీట్ -ఎమ్‌టైమ్ +30

ఇది వయసు చూడకముందే అన్నిటినీ తుడిచేస్తుంది. -డిలీట్ ఎప్పుడూ చివరే ఉండాలి. ముందు దాని స్థానంలో -ప్రింట్ పెట్టి జాబితా చూసి, ఆ ఒక్క మాటే మార్చండి. రెండో ప్రమాదం -ఓ ఆప్షన్‌ది, అంటే "లేదా":

ఫైండ్ . -నేమ్ '*.లాగ్' -ఓ -నేమ్ '*.టీఎంపీ' -ఎమ్‌టైమ్ +30 -డిలీట్

పక్కపక్కన ఉన్న షరతులు -ఓ కంటే గట్టిగా అతుక్కుంటాయి. కాబట్టి వయసు షరతూ డిలీటూ టీఎంపీ ఫైళ్లకే పడతాయి, లాగ్‌లు ఒక్కటీ పోవు. రెండు పేర్లనూ \( \) మధ్య పెట్టాలి, బ్రాకెట్లకు అటూ ఇటూ ఖాళీ తప్పనిసరి. పేర్ల చుట్టూ కోట్లు కూడా వదలొద్దు. లేకపోతే షెల్ ఆ నక్షత్రాన్ని ముందే విప్పేసి ప్రస్తుత ఫోల్డర్‌లోని పేర్లను ఫైండ్‌కు అందిస్తుంది.

-డిలీట్ వాడితే -డెప్త్ (ఫోల్డర్ కంటే లోపలివాటిని ముందు చూడటం) దానంతటదే ఆన్ అవుతుంది, దాంతో -ప్రూన్ (ఒక ఫోల్డర్ లోపలికి వెళ్లకుండా ఆపేది) పనిచేయదు. కొన్ని సబ్‌ఫోల్డర్లను వదిలేయాల్సి ఉంటే -ప్రూన్ ఉంచుకుని, తుడవడానికి -ఎగ్జెక్ ఆర్ఎమ్ {} + వాడండి. ఫలితాన్ని వేరే కమాండ్‌కు పంపాలంటే -ప్రింట్0, అవతల ఆ పేర్లను కమాండ్‌కు అందించే ఎక్స్‌ఆర్గ్స్ -0 -ఆర్ పెట్టాలి. పేరులో ఖాళీలున్నా కొత్త లైన్ ఉన్నా సరే, చెడదు. చిన్న -ఆర్ పెట్టకపోతే జాబితా ఖాళీగా ఉన్నా గ్నూ ఎక్స్‌ఆర్గ్స్ కమాండ్‌ను ఒకసారి నడుపుతుంది. ఆ కమాండ్ ఎల్ఎస్ అయితే పాత ఫైళ్ల జాబితా అనుకుని ప్రస్తుత ఫోల్డర్‌లోని ఫైళ్లన్నీ చదువుకుంటూ కూర్చుంటారు.

ఫైళ్లు పోయాక ఖాళీ ఫోల్డర్లను కూడా +30 తోనే తీయాలని చూస్తే ఏమీ దొరకదు. ఫోల్డర్‌లో ఒక పేరు చేరినా పోయినా ఫోల్డర్ ఎమ్‌టైమ్ మారుతుంది, మీరు ఇప్పుడే తుడిచారు గనుక దాని వయసు సున్నా. వాటికి వయసు షరతు తీసేసి -మిన్‌డెప్త్ 1 -టైప్ డీ -ఎంప్టీ -డిలీట్ ఇవ్వండి. అలాగే ఫోల్డర్ పాతదిగా కనిపించిందని లోపలివి కూడా పాతవనుకోవద్దు. లోపల ఉన్న ఫైలులో డేటా మారితే ఫోల్డర్ సమయం కదలదు.

లాగ్‌ల విషయంలో ఇంకో చిక్కు. ఏదో ప్రోగ్రామ్ తెరిచి ఉంచిన ఫైలును తుడిస్తే పేరు పోతుంది, డిస్కు ఖాళీ అవదు. ఫైళ్ల సైజులు కూడి చూపే డీయూ తక్కువ చూపిస్తూ డిస్కు వాడకం చూపే డీఎఫ్ మాత్రం నిండుగా చూపిస్తే ఎల్ఎస్ఓఎఫ్ +ఎల్1 (ఎల్ పెద్దది) కొట్టండి, పేరు పోయినా తెరిచే ఉన్నవి అందులో కనిపిస్తాయి. ఆ ప్రోగ్రామ్‌ను మళ్లీ మొదలుపెడితే చోటు తిరిగొస్తుంది.

బ్యాకప్‌ల ఫోల్డర్‌కు ఇదే స్క్రిప్టు పెట్టే ఆలోచన ఉంటే ఆగండి. ఉత్త వయసు చూసి బ్యాకప్‌లు తుడవడం తప్పు పద్ధతి అని నా గట్టి అభిప్రాయం. బ్యాకప్ తీసే పని ఏదో కారణంగా ఆగిపోయినా తుడిచే పని ఆగదు. ముప్పై ఒకటో రోజుకు ఫోల్డర్ ఖాళీ. కనీసం నిన్నటి నుంచి ఒక కొత్త ఫైలు వచ్చిందో లేదో చూసి, వస్తేనే తుడవాలి. ఫైండ్‌కు -ఎమ్‌టైమ్ -1 -ప్రింట్ -క్విట్ ఇచ్చి, వచ్చినది ఖాళీ అయితే స్క్రిప్టు అక్కడే ఆగిపోయేలా రాయండి. అంతకంటే మంచిది వయసు వదిలేసి సంఖ్యతో ఉంచడం. కొత్తవి ఏడు ఉంచి మిగతావి తీయాలంటే:

ఫైండ్ . -మాక్స్‌డెప్త్ 1 -టైప్ ఎఫ్ -నేమ్ 'బ్యాకప్-*' -ప్రింట్‌ఎఫ్ '%టీ@ %పీ\0' | సార్ట్ -జెడ్ -ఎన్ -ఆర్ | టెయిల్ -జెడ్ -ఎన్ +8 | కట్ -జెడ్ -డీ ' ' -ఎఫ్ 2- | ఎక్స్‌ఆర్గ్స్ -0 -ఆర్ ఆర్ఎమ్ --

%టీ@లో పెద్ద టీ, %పీలో చిన్న పీ. మొదటిది 1970 నుంచి సెకన్లు. సార్ట్ కొత్తవాటిని పైకి తెస్తుంది, టెయిల్ ఎనిమిదోది నుంచి కిందికి ఇస్తుంది, కట్ ఆ సెకన్లను తీసేసి పేరు మిగులుస్తుంది. టెయిల్, కట్‌లలో -జెడ్ కోసం కోర్‌యుటిల్స్ 8.25 (2016) గానీ ఆ తర్వాతిది గానీ కావాలి. మ్యాక్ ఫైండ్‌లో -ప్రింట్‌ఎఫ్ లేదు, అక్కడ సమయం, పేరు తీయడానికి -ఎగ్జెక్ స్టాట్ -ఎఫ్ '%ఎం %ఎన్' {} + వాడాలి (ఎం చిన్నది, ఎన్ పెద్దది).

జెడ్‌షెల్ వాడేవాళ్లకు ఇంత పొడుగు కమాండ్ అక్కర్లేదు. ఆర్ఎమ్ బ్యాకప్-*(.ఓఎం[8,-1]) అని చిన్న ఓ, చిన్న ఎంతో రాస్తే అదే పని జరుగుతుంది. చుక్క అంటే మామూలు ఫైళ్లు, చిన్న ఓ అంటే కొత్తవి ముందు. పెద్ద ఓ పెడితే వరస తిరగబడి పాతవి ముందుకొస్తాయి, అప్పుడు ఇదే కమాండ్ అతి పాతవి ఏడు ఉంచి కొత్తవన్నీ తుడిచేస్తుంది. ఎంటర్ కొట్టేముందు ఆర్ఎమ్ బదులు ప్రింట్ -ఎల్ పెట్టి చూడటం అందుకే. వయసుతో ఎంచడానికి *(.ఎం+30) ఉంది, రోజు ముక్కను వదిలేయడంలో ఇది కూడా లినక్స్ ఫైండ్ దారిలోనే పోతుంది.

విండోస్ పవర్‌షెల్‌లో ఈ 24 గంటల ముక్కల లెక్క లేదు, సమయాలను నేరుగా పోలుస్తుంది:

గెట్-చైల్డ్‌ఐటమ్ -ఫైల్ -రికర్స్ | వేర్-ఆబ్జెక్ట్ { $_.లాస్ట్‌రైట్‌టైమ్ -ఎల్‌టీ (గెట్-డేట్).యాడ్‌డేస్(-30) } | రిమూవ్-ఐటమ్ -వాట్‌ఇఫ్

-వాట్‌ఇఫ్ ఉన్నంతవరకు ఏం తుడుస్తుందో చెబుతుంది తప్ప తుడవదు. క్రియేషన్‌టైమ్‌ను వయసుగా తీసుకోకండి, విండోస్‌లో కాపీ చేసిన ఫైలుకు అది కొత్తగా పడుతుంది, లాస్ట్‌రైట్‌టైమ్ పాతదే ఉంటుంది.

చివరిగా, పై బ్యాకప్ లైన్‌ను క్రాన్‌టాబ్‌లో నేరుగా పెట్టొద్దు. క్రాన్‌టాబ్‌లో % గుర్తు అంటే కొత్త లైన్ అని అర్థం, కమాండ్ మొదటి % దగ్గరే తెగిపోయి మిగతాది దానికి ఇన్‌పుట్‌గా వెళ్తుంది. ప్రతి % ముందు \ పెట్టండి, లేదా మొత్తాన్ని ఒక స్క్రిప్టు ఫైలులో రాసి క్రాన్‌కు ఆ స్క్రిప్టు పేరు మాత్రం ఇవ్వండి. అందులో చుక్క బదులు పూర్తి పాత్ రాయాలి, ఎందుకంటే క్రాన్ ఆ యూజర్ హోమ్ ఫోల్డర్‌లో మొదలవుతుంది.